పదిహేనేళ్లు నిండిన చిన్న కారుకు ముందు బ్రేకుల మెరుగుదల, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ: దరఖాస్తు విధానం

2010, 2011 ప్రాంతంలో కొన్న ఆల్టోలు, శాంత్రోలు, ఇండికాలు ఇప్పుడు పదిహేనేళ్ల గడువుకు చేరుకున్నాయి. హైదరాబాద్‌లో రిజిస్టరైన మారుతి 800లకు ఆ గడువు ఇంకా ముందే వచ్చింది. వాహనాల పొగకు పరిమితులు పెట్టే భారత్ స్టేజ్ 4 నిబంధనలు 2010 ఏప్రిల్‌లో మొదట అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి కావడంతో, అక్కడ ఆ కారు అమ్మకం అప్పుడే నిలిచిపోయింది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత వాహనాన్ని తనిఖీకి చూపించి, ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకోవాలి. తనిఖీలో ముందుగా ప్రశ్న ఎదురయ్యేది బ్రేకుల దగ్గరే కనుక చాలామంది యజమానులు ఈ సందర్భంలోనే ముందు బ్రేకులను మెరుగుపరచాలనుకుంటారు. ఆ ఆలోచన మంచిదే. అయితే ఏ పనికి అనుమతి అక్కర్లేదో, ఏ పనికి కావాలో తెలుసుకోకుండా మెకానిక్ దగ్గరికి వెళితే బ్రేకులు బాగుపడినా దరఖాస్తు చిక్కుల్లో పడవచ్చు.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. వాహన నిర్మాణంలో దాని మౌలిక లక్షణం మారిపోయేలా చేసే మార్పునే 52వ సెక్షన్ మార్పుగా నిర్వచించింది. చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లు అరిగితే వాటి స్థానంలో అదే మోడల్‌కు తయారీదారు నిర్దేశించిన ప్యాడ్లు వేయడం, పలచబడిన డిస్కులను అదే కొలత గల కొత్త డిస్కులతో మార్చడం, ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ సీళ్లు, రబ్బరు బ్రేక్ పైపులు, బ్రేక్ ఆయిల్ కొత్తవి చేయడం మరమ్మతుల కిందికే వస్తాయి. వీటికి ముందస్తు అనుమతి అవసరం లేదు. వేరే మోడల్ నుంచి తెచ్చిన పెద్ద డిస్కులు, పెద్ద కాలిపర్లు, వాటికి సరిపోయేలా పెద్ద రిమ్ములు బిగించడం అలాంటిది కాదు. తయారీదారు మొదట ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని చెబుతోంది.

పెద్ద బ్రేకులే కావాలనుకునేవారు పని మొదలుపెట్టక ముందే, ఏ భాగం మారుస్తున్నారో, ఆ భాగం ఏ మోడల్‌దో రాసి, తమ రిజిస్టరింగ్ అధికారికి (రవాణా కార్యాలయంలో) దరఖాస్తు చేసి లిఖితపూర్వకమైన సమాధానం తీసుకోవాలి. అనుమతి వస్తే పని పూర్తయ్యాక వాహనాన్ని చూపించి ఆర్సీలో (రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలో) నమోదు చేయించుకోవాలి. అనుమతి లేకుండా ఇప్పటికే మార్పు జరిగిపోయి ఉంటే, జరిగిన నాటి నుంచి 14 రోజుల్లోగా ఆర్సీతో సహా అధికారికి తెలియజేయాలని అదే 52వ సెక్షన్ చెబుతోంది. నోటిమాటగా “ఏం ఫర్వాలేదు” అన్న హామీ మీద మాత్రం ఆధారపడవద్దు.

నా అభిప్రాయం అడిగితే, చిన్న కారుకు ఆ దారి అవసరం లేదు. ఆల్టో, 800 వంటి కార్లకు 12 అంగుళాల చక్రాలు ఉంటాయి కనుక పెద్ద డిస్కు, పెద్ద కాలిపర్ వాటి లోపల ఇమడవు. ఒకవేళ ఎలాగో ఇమిడించినా కాలిపర్ పిస్టన్ పెద్దదైతే దాన్ని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే పాత మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ అందించాలంటే పెడల్ మరింత లోతుకు దిగుతుంది. ముందు, వెనుక బ్రేకుల మధ్య తయారీదారు లెక్కగట్టి పెట్టిన పొందిక కూడా చెదిరిపోతుంది. పదిహేనేళ్ల కారులో బ్రేకులు మందగించడానికి డిస్కు చిన్నదవడం కారణం కాదు, భాగాలు వయసు మీరడమే కారణం. వాటిని తయారీదారు నిర్దేశించిన స్థితికి పూర్తిగా తీసుకురావడమే అసలైన మెరుగుదల. అది చట్టానికీ లోబడి ఉంటుంది, ఖర్చుకూ అందుబాటులో ఉంటుంది.

ఆ పనిలో ఏం చేయించాలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా గ్యారేజీల్లో “బ్రేక్ వర్క్” అంటే ప్యాడ్లు మార్చి పంపడమే. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు మొగ్గుతుంది కనుక ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే అవుతుంది. డిస్కు మీద దాని కనీస మందం చెక్కి ఉంటుంది. కొలిచి చూసి, ఆ మందం దగ్గరపడితే లేత్ మీద చెక్కించకుండా రెండు వైపులా కొత్తవి వేయించాలి. ఒక్క వైపు మాత్రమే మారిస్తే రెండు చక్రాలు ఒకే బలంతో ఆగవు. కాలిపర్ జారే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఒక ప్యాడు పూర్తిగా అరిగి, రెండోది దాదాపు కొత్తదానిలా మిగిలిపోతుంది. పాత ప్యాడ్ల మందం పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లోపం ఇట్టే తెలిసిపోతుంది, కాబట్టి తీసిన ప్యాడ్లను పారేయనివ్వకుండా అడిగి చూడండి. రబ్బరు బ్రేక్ పైపులు బయటికి బాగానే కనబడుతూ లోపల ఉబ్బి దారి మూసుకుపోవచ్చు. అలాంటప్పుడు పెడల్ వదిలినా ఆ చక్రం స్వేచ్ఛగా తిరగదు, కారు ఒక పక్కకు లాగుతుంది. పదిహేనేళ్ల పైపులను నిస్సందేహంగా మార్చడమే మేలు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, కానీ తేమ చేరాక ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడడానికి సాధారణంగా ఇదే కారణం. మాస్టర్ సిలిండర్ మూత మీద ఏ రకం రాసి ఉంటే ఆ రకమే కొత్తగా పోయించి, నాలుగు చక్రాల దగ్గరా పైపుల్లో చిక్కిన గాలి (ఎయిర్) తీయించాలి. వెనుక డ్రమ్ములను, చేతి బ్రేకును కూడా అదే రోజు సరిచేయించాలి, ఎందుకంటే వెనుక డ్రమ్ముల లోపలి షూలు వదులుగా ఉంటే ముందు ఎంత ఖర్చు పెట్టినా పెడల్ పైకి రాదు. తక్కువ బలంతో పెడల్ తొక్కినా బ్రేకు పడేలా సాయపడే బూస్టర్‌ను ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, చివరిసారి అదిమి పట్టుకుని ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌ను గానీ, దానికి వచ్చే వాక్యూమ్ పైపును గానీ చూపించాలి. కొత్త ప్యాడ్లు డిస్కుకు అమరడానికి ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిగా బ్రేకు వేస్తూ, మధ్యమధ్య చల్లబడనిస్తూ, ఇరవై ముప్పై సార్లు నడపాలి. ఈ అమరిక పూర్తికాకుండా తనిఖీకి తీసుకెళితే కొత్త బ్రేకులు కూడా మందకొడిగా అనిపిస్తాయి. అందువల్ల పనికీ తనిఖీకీ మధ్య కనీసం పది రోజుల వ్యవధి ఉంచుకోవడం మంచిది.

ఇక దరఖాస్తు సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 52వ రూలు ప్రకారం గడువు ముగియడానికి 60 రోజుల లోపు, వాహనం ఉన్న ప్రాంతపు రిజిస్టరింగ్ అధికారికి ఫారం 25లో దరఖాస్తు చేయాలి. అంతకంటే ముందు చేయడానికి వీల్లేదు. కాబట్టి 60 రోజుల కిటికీ తెరుచుకునే నాటికి బ్రేకుల పని పూర్తయి ఉండేలా, గడువుకు మూడు నెలల ముందే గ్యారేజీకి వెళ్లాలి. గడువు దాటితే, పునరుద్ధరణ అయ్యేదాకా ఆ కారును బహిరంగ ప్రదేశంలో నడపకూడదని అదే రూలు నిషేధిస్తోంది. ఆలస్యమైన ప్రతి నెలకూ కారుకు 500 రూపాయల చొప్పున అదనపు రుసుము కూడా పడుతుంది.

దరఖాస్తు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో మొదలవుతుంది. కారు నంబరు, చేసిస్ నంబరు ఇచ్చాక రికార్డులోని వివరాలు కనబడతాయి. పేరు, చిరునామా, ఇంజను నంబరు ఆర్సీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోవాలి. కాగితం ఆర్సీల కాలంలో జరిగిన అక్షర దోషాలు ఇప్పుడే బయటపడతాయి, వాటిని దిద్దించుకోవడానికి వేరే దరఖాస్తు చేయాల్సి రావచ్చు. అసలు ఆర్సీ, చెల్లుబాటులో ఉన్న బీమా, కాలుష్య తనిఖీ ధ్రువపత్రం, గుర్తింపు, చిరునామా పత్రాలు, చేసిస్ నంబరు పెన్సిల్ ముద్ర (చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసేది) సిద్ధంగా ఉంచుకోవాలి. కారుపై తీసుకున్న రుణం ఎప్పుడో తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే, ముందు ఫారం 35తో దాన్ని తొలగించుకోండి. రుసుము కారు వయసును బట్టి ఉంటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుమును 5,000 రూపాయలు చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 రూపాయలకు పెంచారు. రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. రేట్లు తరచూ మారుతుంటాయి కనుక చెల్లింపు పేజీలో కనబడే మొత్తాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

తనిఖీకి కేటాయించిన స్లాట్ రోజున కారును కడిగి, చేసిస్ నంబరు స్పష్టంగా కనబడేలా చేసి తీసుకెళ్లాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నంబర్లు సరిపోల్చి, లైట్లు, హారన్, టైర్లు, స్టీరింగ్, బ్రేకులు, చేతి బ్రేకు చూస్తారు. యంత్రాలతో పరీక్షించే కేంద్రంలోనైతే రోలర్ల మీద కుడి, ఎడమ చక్రాల బ్రేకు బలాన్ని విడివిడిగా కొలుస్తారు. రెండింటి మధ్య తేడా అక్కడ దాగదు, జతగా మార్చమని పైన చెప్పింది అందుకే. బ్రేకు భాగాల బిల్లులు, పార్టు నంబర్లతో సహా, దగ్గర ఉంచుకోండి. వాటిని ఎవరూ తప్పనిసరిగా అడగకపోవచ్చు, కానీ బిగించినవి అదే మోడల్‌కు చెందినవా అన్న సందేహం వస్తే సమాధానం చేతిలోనే ఉంటుంది.

లోపం చూపి వెనక్కి పంపితే, ఆ లోపమేమిటో రాతపూర్వకంగా అడిగి తీసుకుని, సరిచేయించి మళ్లీ స్లాట్ తీసుకోవాలి. తనిఖీలో నెగ్గాక కొత్త ఆర్సీ వస్తుంది. అందినప్పుడు అందులో పొడిగించిన గడువు తేదీ ఐదేళ్లకు సరిగా పడిందో లేదో చూసుకుని, తేడా ఉంటే వెంటనే కార్యాలయానికి తెలియజేయాలి.