అక్టోబర్‌లో కత్తెర పట్టకండి

మొన్న శనివారం మా వీధిలోకి కొత్తగా దిగిన కుర్రాడొకడు ఇంటి ముందున్న లైలాక్ అనే పూల పొదకు గుండు కొట్టేశాడు. పక్కన వాళ్లావిడ కొమ్మలన్నీ కాగితం సంచుల్లో కుక్కుతోంది. "చలి మొదలవుతోంది కదన్నా, ఇప్పుడు కత్తిరిస్తే వచ్చే ఏడు విరగబూస్తుందని" అన్నాడు. నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. తొమ్మిదేళ్ల కింద అమెరికాలో ఇదే సెంట్రల్ న్యూజెర్సీలో, ఇదే నెలలో, సరిగ్గా ఇదే మాట నేనూ అన్నాను మరి.

తెనాలిలో మా నాన్న పుష్యమాసంలో మల్లెపొదలకు నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించేవారు. ఉగాది నాటికి కొత్త చిగుళ్లు, వాటి చివర మొగ్గలు. మల్లెకు అదే సరైన పద్ధతి, ఎందుకంటే మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. ఆ బుద్ధి విమానమెక్కి నాతోపాటే వచ్చింది. కొన్న ఇంట్లో పాతవాళ్లు నాటిన ఫోర్సిథియా (పసుపు పూల పొద) వరస ఒకటి ఉంటే, అక్టోబర్‌లో మోకాలెత్తుకు కోసేశాను. ఏప్రిల్ వచ్చేసరికి వీధి వీధంతా పసుపు ఆరబోసినట్టుంది, మా ఇంటి ముందు మాత్రం పుల్లలు. మొక్కకు జబ్బేమోనని ఎరువు పోశాను, నీళ్లు పోశాను. ఆకులైతే దండిగా వచ్చాయి. పువ్వు ఒక్కటీ లేదు.

సంగతేంటంటే, ఇక్కడ వసంతంలో ముందుగా పూసే ఫోర్సిథియా, లైలాక్, అజేలియా నిరుడు వేసవిలోనే మొగ్గ కట్టుకుంటాయి. ఆ మొగ్గను చలికాలమంతా పాత కొమ్మ మీదే మోస్తాయి. అక్టోబర్‌లో కోస్తే వచ్చే వసంతపు పూలు ఆ కాగితం సంచిలోకే పోతాయి. కత్తిరించాలనుకుంటే పూత రాలిన రెండుమూడు వారాల్లోపు కత్తిరించండి. జులై 4 టపాసులు కాల్చారా, ఇక కత్తెర గరాజ్‌లో పెట్టి తాళం వేయండి.

సరే, మొక్కలు కొనేటప్పుడు. కుండీకున్న చీటీ మీద జోన్ నంబర్ ఉంటుంది, అంటే ఆ మొక్క ఎంత చలిప్రాంతం దాకా బతుకుతుందో చెప్పే అంకె. మీ జిప్ కోడ్ ఏ జోన్‌లోకి వస్తుందో యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) మ్యాప్‌లో చూడండి, 2023లో కొత్తది వేశారు. మీ నంబర్ చీటీ మీది పరిధిలో ఉంటే చలికి తట్టుకుంటుంది. మందారం, నందివర్ధనం నేలలో పెట్టి ఏడవకండి, అవి కుండీల్లోనే, చలికి ఇంట్లోకే. తవ్వేముందు 811కి ఫోన్ చేయాలి. ఇది చట్టం. జెర్సీలో మూడు పనిదినాల ముందు చెప్పాలి. ఖర్చేమీ లేదు, గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగు వేసి వెళ్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్లనీ అడగండి.

పని తక్కువ, పూత ఎక్కువ కావాలంటే నా మాట: ఎండ బాగా తగిలేచోట ఫోర్సిథియా ఒకటి, లైలాక్ ఒకటి. లైలాక్‌కు కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. చోటు తక్కువైతే మిస్ కిమ్ అనే పొట్టి రకం ఉంది. రెండింటినీ జింకలు పెద్దగా ముట్టుకోవు, జెర్సీలో అదే సగం గెలుపు. అజేలియా అందంగానే ఉంటుంది, కానీ జింకలకు విందు. పైగా ఆకూ పువ్వూ విషం, పాకే పిల్లలో కుక్కో ఉంటే నేను వద్దంటాను. గొయ్యి వేరుముద్దంత లోతు చాలు, వెడల్పు రెండింతలు తవ్వండి. మల్చ్ (మొక్క చుట్టూ నేల మీద కప్పే చెక్కపొట్టు) రెండుమూడంగుళాలు పరవండి, కాండం చుట్టూ చీమలపుట్టలా పోయకండి. మొదటి ఏడాది వారానికోసారి వేరు తడిసేలా నీళ్లు పట్టండి. రోజూ గ్లాసెడు పోసి పుణ్యం కట్టుకోవద్దు.

మళ్లీ కత్తెర దగ్గరికే వస్తా. మీరు ఊరుకున్నా, గడ్డి కోసేవాళ్లు ఊరుకోరు. మా దగ్గరికొచ్చే పనివాళ్లు ఒకసారి నేను ఆఫీసులో ఉండగా మొత్తం పొదల్ని లడ్డూల్లా గుండ్రంగా చెక్కి వెళ్లారు. మళ్లీ ఒక వసంతం గోవిందా. అందుకే ముందే చెప్పండి, అర్థం కాకపోతే కొమ్మకు ఎర్ర రిబ్బన్ కట్టండి.

ఇంకో పిచ్చిపని కూడా చేశాను. మార్చిలో హైడ్రేంజియా అనే ఇంకో పూల పొద ఎండుపుల్లల్లా ఉంటే చచ్చిందనుకుని పీకి పారేశాను. గోటితో బెరడు కాస్త గీకితే లోపల పచ్చగా కనిపించేదే. మీరు మేనెల దాకా దేన్నీ పీకకండి. అన్నట్టు, హైడ్రేంజియాల్లో పెద్దాకులవి పాత కొమ్మ మీదే పూస్తాయి. అనబెల్ రకం మాత్రం మన మల్లెలా కొత్త చిగురు మీద పూస్తుంది, దాన్ని చలికాలం చివర నిక్షేపంగా కోసుకోవచ్చు. ఏది ఏదో తెలియకపోతే రట్గర్స్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (సాగు సలహాలిచ్చే చోటు) ప్రతి కౌంటీలోనూ ఉంది, అక్కడి మాస్టర్ గార్డెనర్లను, అంటే తోటపనిలో శిక్షణ పొందిన వాలంటీర్లను, అడగండి. నన్నయితే అడగొద్దు, తిడతాను.

ఇంత చెప్పాక టెన్షన్ పడతారేమో. పడక్కర్లేదు లెండి. ఈ పొదలు మొండివి. ఫోర్సిథియానైతే నేలమట్టంగా కోసినా మళ్లీ లేస్తుంది. ఆ మొదటి ఏడు తర్వాత నేను చేతులు కట్టుకుని కూర్చుంటే, మరుసటి ఉగాదికే మాది పూసింది. పచ్చడి గిన్నె పక్కన ఒక రెమ్మ పెట్టాం.

ఆ కుర్రాడికి ఇదంతా చెబితే మొహం వేలాడేసి, "అయితే వచ్చే మేలో పూయదా అన్నా?" అన్నాడు. పూయదు. ఆ పై ఏడు పూయొచ్చు, కాకపోతే ఇంకో ఏడు. ఈలోపు వాళ్లావిడను మా పొద నుంచి కోసుకెళ్లమన్నాను. పూతలో కోస్తే లైలాక్‌కూ మంచిదే.