సంక్రాంతికి పెరట్లో కొత్త ఆలుగడ్డ

మా సంగారెడ్డి ఇంటి పెరట్లో ఆలుగడ్డ పెట్టడం ఇది మూడో ఏడు. నవంబర్ 5న కుఫ్రీ చంద్రముఖి విత్తనపు గడ్డలు నాటాను. తొందరగా వచ్చే రకమే అయినా పూర్తిగా ముదరడానికి 80, 90 రోజులు పడుతుంది. పండక్కి లేతగడ్డ కూర లేకపోతే మా అత్తమ్మ ఊరుకోదు. అందుకే 65వ రోజు నుంచే ఒకటీ రెండూ తీస్తుంటాను, మొక్క పీకకుండా.

పూత వచ్చాక తవ్వమని చెబుతుంటారు. మన దగ్గర అది నమ్ముకోకండి. చలికాలపు చిన్న పగళ్లకు చాలా మొక్కలు పూయకుండానే గడ్డ కడతాయి. 60 రోజులు దాటాక బోదె మీద, అంటే మొక్క మొదట్లో ఎగదోసిన గట్టు మీద, మట్టి నెర్రెలిచ్చిందా చూడండి. ఇస్తే లోపల గడ్డ ఊరుతున్నట్టే.

తీసే ముందు రెండు రోజులు నీళ్లు ఆపండి. మట్టి పొడిపొడిగా ఉంటే చెయ్యి సులువుగా దిగుతుంది. మొదలుకి జానెడు దూరంలో మొదలుపెట్టి, వేళ్లతోనే మట్టిని పక్కకు తోస్తూ లోపలికి రండి. గడ్డపార ముట్టుకోవద్దు. మొదటి ఏడు నేను అదే పట్టుకుని, అన్నిటికన్నా పెద్ద గడ్డను సరిగ్గా నడిమికి పొడిచాను. అసలు అంత లోతుకు పోనవసరమే లేదు. కొత్త గడ్డలు మనం నాటిన గడ్డకు పైన, పక్కల, సన్నటి తీగల చివర ఉంటాయి. కోడిగుడ్డంత ఉన్నవి పట్టుకుని మెల్లగా తిప్పితే ఊడొస్తాయి. గోలీలంత ఉన్నవి వదిలేయండి, తీగ తెగనివ్వకండి. ఒక్కో మొక్కకు రెండు మూడు చాలు, ఆశపడొద్దు. వెంటనే మట్టి ఎగదోసి, కొంచెం అదిమి, నీళ్లు చిలకరించండి. మిగిలినవి ఊరతాయి.

గడ్డ బయటపడి వెలుతురు తగిలితే పచ్చబడుతుంది, చేదెక్కుతుంది. అందులో తయారయ్యే సొలనిన్ విషం. నిరుడు ఉల్లిగడ్డల్లాగా వరండాలో పరిచి మూడు రోజులు మర్చిపోయాను. పచ్చగా మారినవన్నీ పారేయాల్సొచ్చింది, మనసొప్పకపోయినా.

లేతగడ్డ తోలు బొటనవేలితో రుద్దితేనే లేచిపోతుంది. అందుకే నిలవ ఉండదు. ఏ పూటకు ఆ పూట తీసుకోవడమే మేలు. నిలవకు కావాల్సిన గడ్డలైతే మట్టిలోనే ఉంచి, తవ్వడానికి 10, 15 రోజుల ముందు పైన మొక్కంతా కోసేయండి, తోలు గట్టిపడుతుంది.

ఇక వంట. కడిగి, తోలుతోనే ఉడికించి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఎల్లిపాయతో వేయించండి. గడ్డ చిదరదు, ముక్క ముక్కగానే ఉంటుంది. బోండాలకు మాత్రం వద్దు, నీరెక్కువ. వాటికి ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే.