పాలసీ బాండులో ఏ మాటకు ఏం అర్థం: సంతకం పెట్టకముందే చూసుకోండి

నల్లగొండలో నాది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. క్లెయిమ్ కాయితాలు జిరాక్స్ తీయించుకునేందుకు వచ్చేవాళ్లు పాలసీ బాండును ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెస్తారు. చాలామంది ఆ కవరు విప్పడం అదే మొదటిసారి అని మడతలు చూస్తేనే తెలుస్తుంది. మనిషి పోయాకో, దవాఖానలో పడ్డాకో చదివితే అందులో మార్చుకోగలిగేది ఏమీ ఉండదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు చిన్న మాటలు అయిపోనిద్దాం. మీరు కట్టేది ప్రీమియం. కంపెనీ ఇచ్చే మొత్తాన్ని లైఫ్ పాలసీలో సమ్ అష్యూర్డ్ అంటారు, హెల్త్ పాలసీలో సమ్ ఇన్సూర్డ్ అంటారు. కట్టాల్సిన తేదీ దాటాక ఇచ్చే గడువు గ్రేస్ పీరియడ్: ఏడాదికోసారి కట్టేవాళ్లకు 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు. అదీ దాటితే పాలసీ ల్యాప్స్‌లో పడుతుంది, అంటే కవర్ ఆగిపోతుంది. బాండు చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చలేదని వాపసు చేయొచ్చు, దీన్ని ఫ్రీ లుక్ అంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే లైఫ్, హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, కాబట్టి ఎవరైనా కలిపి చెబితే అడగండి.

నామినీ అంటే మీరు లేకపోతే పైసలు ఎవరి చేతికి రావాలో ఆ మనిషి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో అవ్వ పేరే ఉండిపోయి, ఆమె కూడా పోయి, చివరికి భార్య వారసత్వ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం నేను చూశాను. పేరు మార్చడానికి ఒక్క ఫారం చాలు. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, బాండులో పేరు ఒకేలా ఉందో లేదో కూడా అప్పుడే సరిచూసుకోండి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉన్నా కొర్రీ పెడతారు.

లైఫ్ ఇన్సూరెన్స్‌లో మనకు తెలియాల్సినవి రెండు రకాలు. టర్మ్ పాలసీలో ఆ గడువులో మనిషి పోతేనే పైసలొస్తాయి, బతికుంటే ఏమీ రావు, అందుకే ప్రీమియం తక్కువ. ఎండోమెంట్, మనీబ్యాక్ లాంటివాటిలో గడువు తీరాక కొంత వస్తుంది. ఏజెంట్లు ఎక్కువగా చెప్పేవి ఇవే, మనం ఇష్టపడేవీ ఇవే, ఎందుకంటే కట్టింది వాపసు వస్తుందంటే ధైర్యంగా ఉంటుంది. కానీ ఒక లెక్క చూడండి. నెలకు 25 వేలు సంపాదించే డ్రైవరు, ఇంట్లో ఇద్దరు పిల్లలు, 5 లక్షల అప్పు. ఏడాదికి ఆయన తెచ్చేది 3 లక్షలు. 5 లక్షల ఎండోమెంట్ ఉంటే అది అప్పుకే సరి, పిల్లలకు మిగిలేది సున్నా. ఏడాది సంపాదనకు పది రెట్లు, పైన అప్పు కలిపితే 35 లక్షలు కావాలి. ఎండోమెంట్‌లో అంత కవర్ కావాలంటే ఆ జీతంతో ప్రీమియం కట్టలేరు, టర్మ్‌లో కట్టగలరు. ఎండోమెంట్‌ను మధ్యలో ఆపేస్తే వచ్చేదాన్ని సరెండర్ వాల్యూ అంటారు, మొదటి ఏళ్లలో అది కట్టినదానికన్నా బాగా తక్కువ ఉంటుంది. ఇల్లు గడిచేది ఒక్కరి సంపాదన మీదే అయితే ముందు టర్మ్ తీసుకోండి, పొదుపు వేరే చేసుకోండి.

ఇక అన్నిటికన్నా పెద్ద విషయం ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం కంపెనీకి నింపిచ్చే దరఖాస్తు. మా చిన్నాయనది మిర్యాలగూడ దగ్గర ఊరు, ఆయనకు ఏళ్లుగా షుగర్. హెల్త్ పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు వచ్చి ఫోన్లో ఫారం తానే నింపేశాడు. జబ్బుల దగ్గర అన్నిటికీ "లేదు" అని కొట్టి, ఓటీపీ అడిగితే చిన్నాయన చెప్పేశాడు. రెండేళ్లకు గుండెకు స్టెంట్ వేయాల్సి వచ్చింది. దవాఖాన డాక్టరు కేస్ షీట్‌లో "ఎనిమిదేళ్లుగా షుగర్" అని రాశాడు, కంపెనీ ఆ ఒక్క లైను పట్టుకుని నిజం దాచారని క్లెయిమ్ కొట్టేసింది. బత్తాయి తోట కౌలు పైసలు, చిన్నమ్మ గాజులు అన్నీ దానికే పోయాయి. షుగరుందని రాసుంటే ప్రీమియం కొంత పెరిగేదేమో, మూడేళ్లు ఆగమనేవాళ్లేమో. కాబట్టి ఫారం మీరే నింపండి, లేదా చదివే పిల్లలతో పక్కన కూర్చుని నింపించండి, బీపీ గోళీ వేసుకుంటున్నా రాయండి. చదవకుండా ఓటీపీ ఇస్తే సంతకం పెట్టినట్టే.

ముందే ఉన్న జబ్బులకు కంపెనీ ఎక్కువలో ఎక్కువ 36 నెలలు ఆగమనొచ్చు, ఇదే వెయిటింగ్ పీరియడ్. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప వేరేదేదీ మామూలుగా ఇవ్వరు. హెర్నియా, కంటిపొర, మోకాలి మార్పిడి లాంటివాటికి విడిగా గడువుంటుంది. అందుకే ఒంట్లో బాగున్నప్పుడే తీసుకోవాలి. కో-పే అంటే బిల్లులో ఇంత శాతం మీ వాటా అని ముందే ఒప్పుకోవడం.

రూమ్ రెంట్ పరిమితి దగ్గర మాత్రం ఆగి చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 5 లక్షల పాలసీ, రూముకు రోజుకు ఒక శాతం, అంటే 5,000 అనుకుందాం. మీరు 8,000 రూములో నాలుగు రోజులున్నారు. తేడా రోజుకు 3 వేలు, మొత్తం 12 వేలు పోతాయి అనుకుంటారు. అలా ఉండదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఖర్చులు కలిపి 1,20,000 అయితే వాటిని కూడా ఎనిమిదింట ఐదు వంతులకే, అంటే 75 వేలకే లెక్కగడతారు. మందులు, టెస్టులు 40 వేలు మాత్రం కోత లేకుండా వస్తాయి. మొత్తం బిల్లు 1,92,000, వచ్చేది 1,35,000, మీ జేబులోంచి 57 వేలు. అడ్మిషన్ కౌంటర్లో "నా పాలసీకి ఎంత రూము వరకు వస్తుంది" అని ఒక్క మాట అడిగితే చాలు. వీలైతే ఈ పరిమితే లేని పాలసీ తీసుకోండి.

రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో ఇది మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలు చేశారు. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకే, ఆ పథకంలో ఉన్న దవాఖానల్లోనే చెల్లుతుంది.

రైతు బీమా 2018 ఆగస్టు నుంచి ఉంది. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. వయసు ఆధార్ చూసి లెక్కేస్తారు కాబట్టి పుట్టిన తేదీ తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోండి. నామినీ చనిపోయి ఉంటే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి వెళ్లి పేరు మార్పించండి. కౌలు రైతులకు ఇది రాదు, ఆ మాట మనసుకు కష్టంగా ఉంటుంది.

అలాంటివాళ్లు, కూలికి పోయేవాళ్లు కూడా బ్యాంకులో రెండు సంతకాలు పెట్టాలి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరితే ఎలా చనిపోయినా 2 లక్షలు. సురక్షా బీమాకు 20 రూపాయలు, 70 ఏళ్ల వరకు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. మడిలో పాము కరిచినా, తాటిచెట్టు మీంచి పడినా సురక్షాలో ప్రమాదమే, కానీ వెంటనే దవాఖానలో చూపించిన కాయితం ఉండాలి. నాటు వైద్యానికి తీసుకెళ్తే ప్రాణానికీ ముప్పే, కాయితమూ ఉండదు. ఈ పైసలు మే చివర్లో ఖాతాలోంచి కట్ అవుతాయి, అప్పుడు ఖాతా ఖాళీగా ఉంటే ఆ ఏడాది కవర్ ఆగిపోతుంది. జూన్‌లో పాస్‌బుక్ ప్రింట్ తీయించి చూసుకోండి.

బండికి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అది మీ బండి తగిలిన ఎదుటివాళ్లకు. మీ బండి రిపేరు దాంట్లో రాదు. నడిపే ఓనరుకు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ వేరే ఉంటుంది, లైసెన్స్ లేకపోతే అదీ చెల్లదు. చిట్యాల, నకిరేకల్ మీదుగా హైవే మీద రోజూ తిరిగేవాళ్లు బాండులో ఈ లైను ఉందో లేదో ఇవాళే చూడండి.

క్లెయిమ్ కొట్టేస్తే ఊరుకోకండి. ముందు కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకుని, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు, కానీ కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపే వెళ్లాలి. చిన్నాయన విషయంలో ఆ ఏడాది దాటిపోయాకే కాయితాలు నా దగ్గరికి వచ్చాయి.