జిగురు కారిన సెకండ్‌హ్యాండ్ మోడల్ కారును బాగుచేసిన తీరు

1/24 సైజు ప్లాస్టిక్ కిట్ ఇది. రంగు జోలికి వెళ్లేముందు అతుకులు చూశాను. సూపర్ గ్లూ అతుకులు తేలిక: రెండు గంటలు ఫ్రీజర్‌లో పెడితే జిగురు పెళుసుబారుతుంది, బ్లేడు మొన దూర్చి మెల్లగా తిప్పితే టప్‌మని ఊడుతుంది. ట్యూబు సిమెంట్ (ప్లాస్టిక్ కిట్లకు వాడే జిగురు) అలా కాదు. కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది. బలంగా లాగితే పక్కన ప్లాస్టిక్కే విరుగుతుంది, సన్నపళ్ల రంపంతో కోయాల్సిందే.

పాత యాక్రిలిక్ రంగు పోవడానికి బాడీని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మూతపెట్టి రాత్రంతా నానబెట్టి, టూత్‌బ్రష్‌తో రుద్దాను. గ్లవుజులు తప్పనిసరి, దగ్గర్లో మంట ఉండకూడదు. అద్దాలు అందులో వేయొద్దు, పగుళ్లు పట్టే ప్రమాదం ఉంది.

అసలు పని బానెట్ మీదే. పాత ఓనరు జిగురు అంటిన చేత్తో పట్టుకున్నారేమో, వేలిముద్ర గీతలతో సహా ప్లాస్టిక్‌లో దిగబడింది. అదే కిట్‌లో భాగాల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్కలు తరిగి లిక్విడ్ సిమెంట్‌లో (అదే రకం పలచటి జిగురు) తేనెలా చిక్కబడేదాకా కరిగించి, పలచగా పొరలు పొరలుగా నింపాను. కనీసం మూడు రోజులు ఆరనివ్వాలి. తొందరపడి అరగదీస్తే తర్వాత కుంగి, రంగు కింద గుంట తేలుతుంది. ఆరాక 400, 600, 1000 నంబరు గరుకు కాగితాలతో నీళ్లు పెట్టి అరగదీసి, గ్రే ప్రైమర్ కొట్టి ఏటవాలు వెలుతురులో చూడండి. గీత కనిపిస్తే మళ్లీ 600 నుంచి మొదలుపెట్టాలి.