అద్దె ఇల్లు నడపడం, 3వ పాఠం: ఇరవై వేల అద్దెలో మన చేతికి మిగిలేదెంత?

పోయిన పాఠంలో లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండొచ్చని ఇచ్చే అనుమతి) దాకా వచ్చాం. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. ఇక డబ్బు లెక్క. ఒక తెల్ల కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

హైదరాబాద్ మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, ధర 60 లక్షలు అనుకుందాం. అమ్మేవాళ్లు "నెలకు ఇరవై వేలు అద్దె వస్తుందండీ, నాలుగు శాతం గిట్టుబాటు" అంటారు. ఏడాదికి 2,40,000. దాన్ని 60 లక్షలతో భాగిస్తే 4 శాతమే. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. కాకపోతే ఆ రెండు అంకెల్లో ఏదీ మనకు వర్తించదు.

ముందు ధర సంగతి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. మొత్తం ధరకే రిజిస్టర్ చేయిస్తే 4.5 లక్షలు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గీజర్లు, దోమల మెష్ లేకుండా మంచి అద్దెకు ఎవరూ రారు. వాటికి ఎంత పొదుపుగా చేసినా 3.5 లక్షలు వేసుకోండి. కాగితం మీద 60 కొట్టేసి 68 అని రాయండి.

ఇప్పుడు అద్దె. ఇరవై వేలని ఎవరు చెప్పారు? ఆన్‌లైన్‌లో కనిపించేది ఓనర్ అడిగే అద్దె. అది వచ్చే అద్దె కాదు. నేనైతే ఆదివారం పొద్దున్నే ఆ వీధుల్లో నడుస్తాను. టులెట్ బోర్డు కనబడితే ఓనర్‌కి ఫోన్ చేయను, ముందు వాచ్‌మన్ దగ్గర ఆగుతాను. ఒకసారి అలాగే ఆగి "ఎంత చెప్తున్నారన్నా?" అని అడిగాను. "ఓనర్ ఇరవై మూడు కావాలంటడు సార్, వచ్చినోళ్లు పద్దెనిమిది అంటరు. మూడు నెలల సంది ఖాళీగనే ఉంది" అన్నాడు. ఒక్క ముక్కలో అడిగే అద్దె, ఇచ్చే అద్దె, ఖాళీ నెలలు మూడూ తెలిసిపోయాయి. ఆ పక్క అపార్ట్‌మెంట్లో అంతే సైజు ఫ్లాట్ పంతొమ్మిదికి వారంలో పోయిందట. టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

ఖాళీ నెలలు ఈ ఊళ్లో ఉత్త అదృష్టం మీద ఆధారపడవు. పిల్లలున్న కుటుంబాలు బడి సెలవుల్లో, ఏప్రిల్ మే నెలల్లో ఇళ్లు మారతాయి. జూన్ దాటితే వాళ్లు కదలరు. ఆపైన ఆషాఢం, తర్వాత భాద్రపదం, చలికాలంలో పుష్యం: శూన్యమాసాల్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు. ఆషాఢం ముందు ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా తాళం వేసుకునే ఉండొచ్చు. అందుకే అద్దెకున్నవాళ్లు వెళ్తామని నోటీసు ఇవ్వగానే నేను ముందు క్యాలెండర్ చూస్తాను. వెయ్యి రూపాయలు తగ్గించైనా ఆషాఢం రాకముందే ఇచ్చేస్తాను. నెలకు వెయ్యి తగ్గిస్తే ఏడాదికి పోయేది 12,000. ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 20,000. ఇంత తేలిక లెక్కను పంతంతో కాదనే ఓనర్లను చాలామందిని చూశాను. "వెజిటేరియన్లకే", "ఈస్ట్ ఫేసింగ్ అడిగేవాళ్లకే", "బ్యాచిలర్లకు ఇవ్వం" అంటూ పోతే వచ్చేవాళ్లు తగ్గుతారు. పెట్టే ప్రతి షరతుకీ మనమే అద్దె కడుతున్నామని గుర్తుంచుకుంటే చాలు.

సరే, అద్దె ఇరవై వేలకే కుదిరిందనుకుందాం. ఏడాదికి ఒక నెల ఖాళీ అని వేసుకుంటే 2,20,000. ఇందులోంచి తీసేయాల్సినవి చూద్దాం. ఆస్తి పన్ను 6,000 అనుకుందాం (ఏప్రిల్‌లోనే ఏడాదంతా కట్టేస్తే ఎర్లీ బర్డ్ కింద జీహెచ్‌ఎంసీ 5 శాతం తగ్గిస్తూ వచ్చింది, వదులుకోకండి). ఖాళీ నెల మెయింటెనెన్స్ 2,500, అది మనమే కట్టాలి. రెండేళ్లకోసారి బ్రోకర్‌కి ఇచ్చే సగం నెల అద్దెను ఏడాదికి సర్దితే 5,000. రంగులు, రిపేర్లు 16,000. వెళ్లేటప్పుడు రంగుల కింద ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు మన దగ్గర ఉంది కదా, మళ్లీ ఇదెందుకంటారేమో. గీజర్ కాలిపోవడం, బాత్‌రూమ్ కారి కింది ఫ్లాట్ సీలింగ్‌కి తడి దిగడం, ఇవేవీ ఆ డబ్బులో రావు.

చివరిది అసోసియేషన్ వాటా, 4,500. దీన్ని నేను మొదటి ఫ్లాట్‌కి అసలు వేసుకోలేదు. ఒక ఎండాకాలం బోరు ఎండిపోయింది, రోజుకు రెండు ట్యాంకర్లు. ట్యాంకర్ల ఖర్చు అద్దెకున్నవాళ్లతో పంచుకున్నాం సరే, కొత్త బోరుకు మాత్రం ఓనర్లంతా తలా ఎనిమిది వేలు వేసుకోవాల్సి వచ్చింది. అది పడ్డ రెండు నెలలకే లిఫ్ట్ మోటారు. ఆ ఏడాది నా లెక్కంతా తలకిందులైంది. అప్పటినుంచి ఎక్కడ ఫ్లాట్ చూసినా ముందు సంపు మూత తీయించి చూస్తున్నాను.

అన్నీ కలిపితే 34,000. మిగిలేది 1,86,000, అంటే నెలకు 15,500. దీన్ని 68 లక్షలతో భాగించండి. 2.7 శాతం.

ఇక లోను. ఆర్‌బీఐ నియమం ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల దాకా లోనైతే ఇంటి విలువలో 80 శాతం వరకే బ్యాంకు ఇవ్వగలదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలవవు. కాబట్టి 48 లక్షలు బ్యాంకుది, 20 లక్షలు మన చేతిది. వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 41,650. చేతికొచ్చే అద్దె 15,500 పోగా నెలకు 26 వేల పైచిలుకు జీతంలోంచి వెళ్లాలి. "అద్దెతో ఈఎంఐ కట్టేసుకోవచ్చు" అనే మాట ఈ ధరలకు ఈ ఊళ్లో నిలవదు. ఆ 26 వేలు సులువుగా కట్టగలిగితేనే ముందుకెళ్లండి. ఆరు నెలల ఈఎంఐ, అంటే రెండున్నర లక్షలు, విడిగా పెట్టుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. తర్వాత చేతిలో డబ్బు ఆడితే ముందే కొంత కట్టేయొచ్చు. మన పేరున ఫ్లోటింగ్ వడ్డీకి, అంటే ఎప్పటికప్పుడు మారే వడ్డీకి తీసుకున్న హోమ్ లోన్‌కి ముందస్తు చెల్లింపు ఛార్జీలు వేయకూడదు.

ఆదాయపు పన్ను విషయం క్లుప్తంగా. వచ్చిన అద్దెలోంచి కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయిస్తారు. రిపేర్లకు మీరు రూపాయి పెట్టినా లక్ష పెట్టినా ఆ 30 శాతమే, బిల్లులు చూపించినా పెరగదు. తర్వాత వడ్డీ తీసేస్తారు. మన ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీయే 4 లక్షల పైన, కాబట్టి అద్దె మీద పన్ను పడదు, పైగా నష్టం తేలుతుంది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) ఉంటే ఆ నష్టాన్ని ఏడాదికి 2 లక్షల దాకా జీతంలో సర్దుకోవచ్చు. కొత్త పద్ధతిలో (న్యూ రెజీమ్) జీతంలో సర్దుకోవడం కుదరదు. "హోమ్ లోన్ తీసుకుంటే ట్యాక్స్ మిగులుతుంది" అని ఆఫీసులో ఎవరైనా చెబితే, మీరు ఏ పద్ధతిలో ఉన్నారో ముందు చూసుకోండి.

ఇంటిపని: మీరు కొనాలనుకునే వీధిలో మూడు టులెట్ బోర్డులు పట్టుకోండి. ఒక్కోచోట అడిగే అద్దె, చివరికి కుదిరిన అద్దె, ఎన్ని నెలలు ఖాళీ, బోరులో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయి, ఈ నాలుగూ రాసుకోండి. అదే వీధిలో ఇరవై ఏళ్ల పాత ఫ్లాట్ ఒకటి కూడా చూసి ఈ లెక్కంతా మళ్లీ వేయండి. పాతదాని ధర తగ్గినంతగా అద్దె తగ్గదని నా అనుభవం, మీ వీధిలో ఎలా ఉందో చూద్దాం. ఆ కాగితం దాచుకోండి. 11 నెలల అగ్రిమెంట్ రాసే నాలుగో పాఠంలో అది కావాలి.