గండికోట లోయను గుడ్డ మీద కుట్టాలంటే

గండికోట కుడతానంటే అంగట్లో ఎవరైనా ముందు తీసి చూపించేది ఎర్రదారమే. నేనూ మొదటిసారి ఎరుపే కొన్నాను, నాలుగు లచ్చులు. లోయకు రెండు వైపులా ఆ ఎరుపు నింపి, మధ్యలో నీలంతో పెన్నా నదిని కుట్టి చూసుకుంటే రెండు ఇటుక గోడల నడుమ కాలువలా ఉంది. కుట్లు నున్నగానే వచ్చాయి. నెలన్నర పని. కానీ అది గండికోట కాదు.

మాది జమ్మలమడుగు. కోట మాకు 15 కిలోమీటర్లు. ఆ గుడ్డ మడిచి పక్కన పెట్టి, దారాల డబ్బా పట్టుకుని ఒక ఉదయం లోయ అంచుకే పోయాను. ఒక్కో లచ్చిలోంచి జానెడు దారం బయటికి లాగి, చెయ్యి చాపి, ఎదుటి బండలకు అడ్డంగా పెట్టి చూశాను. ఎర్రదారం గీత గీసినట్టు విడిగా కనిపించింది. రాగిరంగు పట్టుకున్నప్పుడు మాత్రం దారం ఎక్కడుందో కళ్లు చిట్లించి వెతుక్కోవలసి వచ్చింది. ఏ దారం రాయిలో కలిసిపోయి కనబడకుండా పోతుందో అదే ఆ రాయి రంగు. ఒక్కటే జాగ్రత్త: రాయి మీద ఎండ పడుతుంటే మీ చేతి మీదా ఎండ ఉండాలి. నీడలో నిలబడి ఎండలోని రంగును కొలిస్తే తప్పు దారం తెచ్చుకుంటారు.

ఆ రోజు నేను రాసుకున్నవి చెబుతాను. ఎండ పడిన బండలకు రాగిరంగులు. డీఎంసీ కంపెనీ దారాల్లో 919, 920, 921, 922 వరుసగా ఒకే కుటుంబం, ముదురు నుంచి లేతకు పోతాయి. ఎండ తగలని వైపు రాయి ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, దానికి 3041 దగ్గరగా వచ్చింది. వెనకాల ఎర్రమల కొండలకు 931, 932. అవి బూడిద కలిసిన నీలాలు. యాంకర్ అనే ఇంకో కంపెనీ దారం వాడేవాళ్లు నంబరు చూసి కొనొద్దు, ఆ కంపెనీ నంబర్లు వేరు. రంగు పక్కన రంగు పెట్టి, అంగడి లైటు కింద కాకుండా గడప బయటికి తెచ్చి ఎంచుకోండి.

మా చెల్లెలి కూతురు సెలవుల్లో నా దగ్గర కుట్టు నేర్చుకుంటుంది. "పెద్దమ్మా, ఆ కొండా ఎర్రదే కదా, నీలం ఎందుకు?" అని అడిగింది. మంచి ప్రశ్న. కొండకూ మనకూ మధ్య ఉన్న గాలి నీలపు వెలుగును చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా కనబడేదీ అందుకే. దూరం పెరిగేకొద్దీ ఆ నీలం కొండ మీద పరదాలా పడుతుంది, వెలుగు నీడల తేడా కూడా తగ్గిపోతుంది. అందుకే దూరానికి లేత, చల్లని రంగులు, దగ్గరికి ముదురు, వేడి రంగులు. వెనక కొండకు ముదురు రాగి వేశారంటే అది ముందుకు దూకి లోయను మూసేస్తుంది.

నీడకు నల్లదారం వాడకండి. మా ఇంట్లో నేలంతా నాపబండలే. కడిగినప్పుడు నల్లగా మెరుస్తాయి, దగ్గర కూర్చుని చూస్తే అందులో నీలం ఉంటుంది, ఆకుపచ్చ ఉంటుంది. ఉత్త నలుపు ఎక్కడా లేదు. గుడ్డ మీద ఉత్త నలుపు పడితే చిల్లు పడినట్టు కనిపిస్తుంది. బండల సందుల్లో చీకటికి 3371 అనే ముదురు గోధుమ, దారాన్ని విడదీస్తే వచ్చే సన్నని పోగు ఒక్కటి చాలు.

కొన్న లచ్చులన్నీ తెల్లకాగితం మీద వరుసగా పేర్చి, ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపు చేసి చూడండి. రెండు లచ్చులు ఒకే బూడిద రంగులో కనిపిస్తే వాటిని పక్కపక్కన కుట్టినా బండకూ బండకూ తేడా తెలియదు. ఒకటి తీసేసి ఇంకా లేతదో ముదురుదో తెచ్చుకోండి. గుడ్డను బిగించే పది అంగుళాల రింగులో పట్టే దృశ్యానికి నాకు 12 లచ్చులు సరిపోయాయి. లచ్చికి 8 మీటర్లు, అందులో ఆరు పోగులు. రెండు పోగులు చొప్పున వాడితే 24 మీటర్ల కుట్టు వస్తుంది.

గుడ్డకు లేత గోధుమ రంగు కేస్‌మెంట్ అనే నూలు గుడ్డ తీసుకోండి. ముందే ఉతికి గంజి పోగొట్టి ఇస్త్రీ చేయండి. ఆకాశాన్ని నేను కుట్టను, ఆ గుడ్డే ఆకాశం. మా వైపు వేసవి ఆకాశం నిజంగా ఆ రంగులోనే ఉంటుంది.

కుట్టడం దూరం నుంచి దగ్గరికి రావాలి. వెనక కొండలకు ఒక్క పోగు, కొండ వాలు ఎటు ఉంటే అటు పొడుగు కుట్లు, చుట్టూ గీత వద్దు. మధ్యలో బండలకు రెండు పోగులు, ముందున్న రాళ్లకూ పొదలకూ మూడు. దారం మూరెడు మించి తెంపొద్దు, పొడుగు దారం గుడ్డలోంచి పోయి పోయి నూగు లేస్తుంది, మెరుపు పోతుంది.

ఇక బండలు. ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది. గండికోట రాయి పొరలు పొరలుగా పేరుకుంది. అడ్డంగా పొరలు, నిలువునా పగుళ్లు, అందుకే ఎవరో సున్నం లేకుండా రాళ్లు పేర్చినట్టు కనబడుతుంది. ఆ రాయి ఎలా పేరుకుందో సూది కూడా అలాగే నడవాలి. మొదటి గుడ్డలో నేను కొండ మొత్తాన్ని ఒకటే వాలులో లాంగ్ అండ్ షార్ట్ కుట్టుతో, అంటే ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా వేసే కుట్లతో నింపాను. పూరేకకు అది చక్కని కుట్టు, పొరల రాయికి కాదు.

ఒక్క రాయి ఎలా కుట్టాలో చెబుతాను, మిగతావన్నీ అంతే. గోరంత పెట్టె గీసుకోండి. దాని పైముఖానికి 922తో అడ్డంగా మూడు కుట్లు, ఒకదాన్నొకటి ఆనుకుని. ఎదురు ముఖానికి 920తో నిలువు కుట్లు ఆరో ఏడో. కింద అంచున 3371 ఒక్క పోగుతో ఒక అడ్డకుట్టు, అది పూర్తిగా చివరిదాకా పోకూడదు. ఇప్పుడు రింగును కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పండి. అడ్డకుట్టు మెరిసినప్పుడు నిలువుకుట్టు మసకగా ఉంటుంది, తిప్పితే అది మెరుస్తుంది. దారం పడుకున్న దిక్కును బట్టి వెలుగు మారుతుంది కాబట్టి ఒకే రంగు రెండు రంగుల పని చేస్తుంది. దీన్ని వాడుకుంటే ఆరు రకాల రాగిరంగులు కొనే అవసరం ఉండదు. పక్క రాయిని కొంచెం పెద్దది చేయండి, దాని పక్కది పల్చన. సందులు ఒకే గీతలో కలిస్తే మళ్లీ ఇటుక గోడే అవుతుంది.

పెన్న నీటికి ఒక్క పోగుతో రన్నింగ్ కుట్టు, అంటే సూది కిందికీ పైకీ పోయే మామూలు కుట్టు, గుడ్డ అడ్డపోగు వెంటే. వాలిన కుట్టు ఒక్కటి పడినా నీరు ఒలికిపోతున్నట్టు ఉంటుంది. కుట్ల మధ్య గుడ్డ కనబడనివ్వండి, ఆ ఖాళీయే నీటి మెరుపు. రంగు బూడిద కలిసిన ఆకుపచ్చ, ఒడ్డు దగ్గర మాత్రం 3041 నాలుగు కుట్లు కలపండి, బండ నీడ నీళ్లలో పడుతుంది.

పొదలకు చిలకపచ్చ ముట్టుకోవద్దు. మన కంపచెట్ల పచ్చదనంలో దుమ్ము ఉంటుంది. 3051, 3052, 3053 ఆ రంగులు. రెండు వేర్వేరు పచ్చల్లోంచి ఒక్కో పోగు తీసి ఒకే సూదిలో ఎక్కించి ఫ్రెంచ్ నాట్లు, అంటే దారాన్ని సూదికి చుట్టి వేసే చిన్న ముడులు వేస్తే ఏ ముడి రంగు ఆ ముడిది. సూదికి ఒక్క చుట్టు చాలు. పైకి వచ్చిన బెజ్జంలోనే మళ్లీ దించకండి, గుడ్డలో ఒక పోగు పక్కన దించండి, లేకపోతే ముడి వెనక్కి జారిపోతుంది. ముళ్లకొమ్మలకు ఇంగ్లీషు Y ఆకారంలో వచ్చే ఫ్లై కుట్టు.

లేబుల్ లేని విడి దారం ఎంత చవకైనా కొనకండి. ఒకసారి ఒక అంగట్లో అలాంటి ముదురు రాగిదారం తెచ్చి కుట్టాను. ఉతికిన రోజు నా ఆకాశమంతా గులాబీ మరకలు. ఏడుపొచ్చింది, ఆ మరక ఏం చేసినా పోలేదు. అప్పటి నుంచి ఏ ముదురు దారమైనా జానెడు తడిపి, తెల్లగుడ్డలో మడిచి, వేడి ఇస్త్రీ పెట్టి నొక్కుతాను. గుడ్డకు రంగు అంటితే ఆ లచ్చి డబ్బాలోకి రాదు.

అంతా అయ్యాక చల్లనీళ్లలో ఒక్కసారి ముంచి తీయండి, పిండొద్దు. మందపాటి తువ్వాలు పరిచి, కుట్టు కిందికి వచ్చేలా బోర్లా వేసి, కొంచెం తడి ఉండగానే వెనకనుంచి ఇస్త్రీ చేయండి. ముడులు తువ్వాలులోకి దిగి నలగకుండా ఉంటాయి. ఫ్రేమ్ కట్టించాక ఎండ సూటిగా పడని గోడకు తగిలించండి.