పికప్ టైర్ల పాఠాలు – 3: 33 చాలదా, 35 కావాలా?

పికప్‌కి 33 అంగుళాల ఎత్తు టైరు చాలా, 35 అంగుళాలది కావాలా అన్నది ఈసారి ప్రశ్న. పోయిన పాఠంలో లెవెలింగ్ కిట్ (బండి ముందు వైపుని లేపి వెనకతో సమం చేసేది), సస్పెన్షన్ లిఫ్ట్ (సస్పెన్షన్ మార్చి బండిని లేపేది), బాడీ లిఫ్ట్ (ఫ్రేము మీద బాడీని మాత్రం లేపేది) మూడింటికీ తేడా చూశాం. బండి కింద దూరి మీకు ఏది ఉందో, ఎన్ని అంగుళాలు లేచిందో రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం తీయండి. ఈసారి దానితోపాటు కొలత టేపు, ఫోన్‌లో కాలిక్యులేటరు, ఒక సుద్దముక్క కూడా కావాలి.

ఉదాహరణకి నా బండినే తీసుకుందాం. నేనుండేది డాలస్ శివార్లలో. బండి 2018 ఫోర్డ్ ఎఫ్-150, ఫోర్ వీల్ డ్రైవ్, ముందు వైపు 2 అంగుళాల లెవెలింగ్ కిట్. మీది టకోమా అయినా, సిల్వరాడో అయినా లెక్క ఇదే. అంకెలు మాత్రం మీ బండివి వేసుకోండి.

టైరు సైజు చదవడం

డ్రైవరు తలుపు తీస్తే పక్కనే ఒక స్టిక్కరు కనిపిస్తుంది. నా బండి మీద 275/65ఆర్18 అని ఉంది. 275 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు. 18 రిమ్ము కొలత, అంగుళాల్లో. మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ ఒకే రాతలో కలిపేసిన మహానుభావులెవరో గానీ, లెక్క మాత్రం మన నెత్తిన పడింది.

275 ని 0.65 తో గుణిస్తే 178.75. సైడ్‌వాల్ రిమ్ముకి పైనా కిందా ఉంటుంది కాబట్టి దానికి రెట్టింపు, 357.5. రిమ్ము 18 ని 25.4 తో గుణిస్తే 457.2. రెండూ కలిపితే 814.7 మిల్లీమీటర్లు. మళ్లీ 25.4 తో భాగిస్తే 32.1 అంగుళాలు. అంటే కంపెనీ ఇచ్చిన టైరే 32! ఈ సంగతి తెలియక చాలామంది 35 వేస్తే బండి ఏదో అయిపోతుందని ఊహించుకుంటారు.

ఇప్పుడు మీరే 275/70ఆర్18 లెక్క వేయండి. 33.2 రావాలి. రాకపోతే సైడ్‌వాల్‌ని రెట్టింపు చేయడం మర్చిపోయి ఉంటారు.

పెద్ద టైర్ల మీద ఇంకో రకం రాత ఉంటుంది, 35×12.50ఆర్18 అని. ఇక్కడ లెక్క పని లేదు. ఎత్తు 35 అంగుళాలు, వెడల్పు 12.5, రిమ్ము 18. కాకపోతే 35 అని రాసినవన్నీ టేపు పెడితే సరిగ్గా 35 ఉండవు, కాస్త తక్కువే ఉండొచ్చు. కంపెనీ ఇచ్చే వివరాల్లో అసలు ఎత్తు ఎంతో చూసే కొనండి.

దక్కేదెంత, పోయేదెంత

లిఫ్ట్ వేస్తే బాడీ లేస్తుంది, వెనక యాక్సిల్ లేవదు. డిఫరెన్షియల్ గుండుకీ (యాక్సిల్ నడుమ గేర్లు ఉండే ఉబ్బు) నేలకీ మధ్య ఖాళీ పెంచేది టైరు ఒక్కటే. అది కూడా పెరిగిన ఎత్తులో సగమే. 32.1 నుంచి 35 కి వెళ్తే దక్కేది ఒకటిన్నర అంగుళం, 33.2 కి వెళ్తే అర అంగుళం పైచిలుకు.

ఇక పోయేది చూడండి. 35 ని 32.1 తో భాగిస్తే 1.09. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా పోయేది గంటకు 65 మైళ్ల పైన. మీటరు అలా చూపించిందండీ అంటే పోలీసాయన నవ్వి టికెట్ రాస్తాడు. మైలేజీ లెక్క కూడా అంతే, ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది కాబట్టి ఉన్నదానికన్నా ఘోరంగా కనిపిస్తుంది. 33 తో అయితే 60 కి 62, పట్టించుకోనక్కర్లేదు. బరువు సంగతీ ఉంది. దళసరి 35 ఒక్కో టైరు 60 పౌండ్లు దాటుతుంది. తిరిగే బరువు కాబట్టి దాన్ని ఇంజను తిప్పాలి, బ్రేకు ఆపాలి, రెండింటికీ కష్టమే. నా బండి యాక్సిల్ గేరు 3.55, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే డ్రైవ్ షాఫ్ట్ 3.55 చుట్లు తిరగాలి. 35 వేస్తే అది 3.25 ఉన్నట్టు నడుస్తుంది. దాని కథ వచ్చే పాఠంలో.

అసలు తంటా మలుపులో

మొదటిసారి నేను 35 లే వేయించాను. షాపులో అడిగితే, లెవెలింగ్ కిట్ ఉందిగా, సరిపోతాయి అన్నారు. తిన్నగా పోతుంటే నిజంగానే సరిపోయాయి. ఇంటికొచ్చి స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే బర్రుమని చప్పుడు. మర్నాడు ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో అదే చప్పుడు, ఈసారి జనం మధ్య. వారం తిరక్కుండా ఫెండర్ లోపలి ప్లాస్టిక్ చిరిగి వేలాడింది.

ఎందుకలా అయిందో చూద్దాం, ఈ పాఠంలో ముఖ్యమైన ముక్క ఇదే. 12.5 అంగుళాల వెడల్పు టైరుకి సాధారణంగా 8.5 నుంచి 11 అంగుళాల రిమ్ము కావాలి. నా కంపెనీ రిమ్ము ఏడున్నరే. కాబట్టి కొత్త రిమ్ములు కొనాలి. రిమ్ము మారితే ఆఫ్‌సెట్ మారుతుంది.

ఆఫ్‌సెట్ అంటే, రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడిమి గీత నుంచి, బోల్టులు బిగించే పలక ఎంత బయటికో లోపలికో ఉందన్న కొలత. పలక బయటి వైపుకి జరిగి ఉంటే ప్లస్, అప్పుడు చక్రం బండి లోపలికి ఒదిగి ఉంటుంది. పలక లోపలి వైపుకి జరిగితే మైనస్, చక్రం బయటికి పొడుచుకొస్తుంది. నా కంపెనీ రిమ్ము ప్లస్ 44 మిల్లీమీటర్లు. చూడ్డానికి బాగుందని నేను ఎంచుకున్నది మైనస్ 12. అంటే చక్రం నడిమి గీత 56 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. టైరు వెడల్పు కూడా 275 నుంచి 317 కి, అంటే 42 దాకా పెరిగింది, అందులో సగం 21 బయటికి. మొత్తం 77 మిల్లీమీటర్లు, మూడు అంగుళాలు.

బయటికి వస్తే లోపల తగలదు కదా అనుకున్నాను. తిన్నగా ఉన్నంతసేపే ఆ మాట. తలుపుని తలుచుకోండి. రెక్క బందుకి ఎంత దూరం పోతే తెరిచేటప్పుడు అంత నేల ఊడుస్తుంది. ముందు చక్రం తిరిగేది తన నడిమి చుట్టూ కాదు, బాల్ జాయింట్ల (ముందు చక్రం మలుపు తిరిగే కీళ్లు) మీదుగా పోయే గీత చుట్టూ. ఆ గీతే బందు. టైరుని బయటికి జరిపితే మలుపులో అది ఊడ్చే మేర పెద్దదవుతుంది. ఒక అంచు వెనక్కి పోయి క్యాబ్ మౌంటు (క్యాబ్‌ని ఫ్రేముకి బిగించే చోటు) దగ్గర గీకుతుంది, ఇంకో అంచు ముందుకొచ్చి బంపరు కింది ప్లాస్టిక్‌ని తన్నుతుంది. ఇంకో అంగుళం లేపుదామా అని నేనూ అడిగాను. లేపితే పైన ఖాళీ పెరుగుతుంది. గీకేది ముందూ వెనకా.

అలాగని 35 ని ప్లస్ 44 లోనే ఉంచితే? ఇప్పుడు 21 మిల్లీమీటర్లు లోపలికి పోతాయి, చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్ అక్కడే కాచుకుని ఉంటుంది. మధ్యేమార్గం ప్లస్ 18 ప్రాంతం. లోపలి అంచు 5 మిల్లీమీటర్లు బయటికే జరుగుతుంది, బయటి అంచు 47 జరుగుతుంది. దీనికి 4 అంగుళాలో 6 అంగుళాలో సస్పెన్షన్ లిఫ్ట్ తోడైతే అప్పుడు 35 కి అర్థం ఉంది. 2 అంగుళాల లెవెలింగ్ మీద నా ఓటు 275/70ఆర్18 కే. కంపెనీ ఏడున్నర రిమ్ము మీదే ఎక్కుతుంది, రిమ్ముల డబ్బు మిగులుతుంది. నేను రెండోసారి వేయించింది అవే.

ఏ నేల మీద నడుస్తుంది?

ట్రెడ్ (నేలని తాకే గాళ్ల పట్టీ) గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు. నేను తొందరగా తేల్చేస్తాను. వారంలో ఆరు రోజులు హైవే అయితే ఆల్ టెరెయిన్. రోజూ బురదలో పనుంటే మడ్ టెరెయిన్. దాని మోత మాత్రం హైవే మీద మీరే భరించాలి. మంచు పడే రాష్ట్రంలో ఉంటే సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు గుర్తు చూసి కొనండి.

డాలస్ చుట్టూ ఉన్న నల్ల బంకమట్టి మన నల్లరేగడి జాతిదే. ఎండితే బీటలు, తడిస్తే జిగురు. రెండు నిమిషాల్లో ఆల్ టెరెయిన్ గాళ్లన్నీ పూడ్చి టైరుని గుండ్రాయి చేస్తుంది. అక్కడ వెడల్పు టైరు కాపాడదు, ఎడం ఎక్కువున్న ట్రెడ్డే కాపాడుతుంది. పడమటి టెక్సస్ ఎడారిలో బిగ్ బెండ్ వైపు బ్లాక్ గ్యాప్ రోడ్డు లాంటి దారులకి పోతే కథ వేరు. రాళ్లూ ముళ్లూ తప్ప బురద తక్కువ, కాబట్టి గట్టి సైడ్‌వాల్ చూడాలి.

బరువు మోత, గాలి

నా కంపెనీ టైరు లోడ్ ఇండెక్స్ 116, అంటే ఒక్కో టైరు 1,250 కిలోలు మోస్తుంది. కొత్తది అంతకన్నా తగ్గకూడదు. ఎల్‌టి (లైట్ ట్రక్) రకంలో సి, డి, ఇ అని మోత తరగతులుంటాయి. ట్రైలరు లాగని వాళ్లకి సి తరగతి మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. ఇ తరగతికి 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి పట్టించవచ్చు, కానీ ఖాళీ బండికి అంత పెడితే ఎద్దుబండిలో కూర్చున్నట్టే. అలాగని స్టిక్కరు మీది 35 పీఎస్‌ఐ కొట్టించి వదిలేయకండి. అదే గాలికి ఎల్‌టి టైరు కంపెనీ టైరుకన్నా తక్కువ బరువు మోస్తుంది. టైరు కంపెనీ ఇచ్చే లోడ్ పట్టికలో మీ బరువుకి ఎంత కావాలో చూసి కనీసం అంత పెట్టండి.

సుద్దముక్క ఇక్కడ కావాలి. ట్రెడ్‌కి అడ్డంగా ఒక మందపాటి గీత గీసి, చదును రోడ్డు మీద తిన్నగా కాస్త దూరం నడపండి. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. రెండు మూడు పీఎస్‌ఐ చొప్పున సర్దుకోండి, పట్టికలో చెప్పిన దానికి కిందికి మాత్రం దిగకండి.

ఇంటి పని

బండిని చదునుగా నిలిపి స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పండి. ట్రెడ్ నుంచి వెనక క్యాబ్ మౌంటుకీ, ముందు బంపరు ప్లాస్టిక్‌కీ, లోపల కంట్రోల్ ఆర్మ్‌కీ ఎంత ఖాళీ ఉందో రాయండి. కుడికి తిప్పి మళ్లీ కొలవండి. తర్వాత ఒక ముందు చక్రాన్ని ర్యాంపు మీదికి ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు అవే కొలతలు తీయండి. అన్నిటికన్నా చిన్న అంకె చుట్టూ గుండ్రం గీయండి. కొత్త టైరు ఎత్తులోంచి పాతది తీసేసి సగం చేస్తే వచ్చే అంకె ఒకటి, ఆఫ్‌సెట్ లెక్కలో వచ్చిన జరుగుబాటు ఇంకొకటి, రెండింటినీ ఆ గుండ్రం గీసిన అంకెతో పోల్చి చూడండి. అంగుళం కూడా మిగలకపోతే ఆ సైజు కొట్టేయండి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేశారు, కాబట్టి మీ తప్పు ఇంకొకరు పట్టుకుంటారన్న ఆశ వద్దు.

బెడ్ కింద స్టెప్నీ వేలాడే చోటు కూడా కొలవండి. అయిదో టైరు అక్కడ పట్టకపోతే దారిలో పంచరైన రోజున చిన్న స్టెప్నీ ఒక వైపు, పెద్ద టైరు ఒక వైపు పెట్టి ఫోర్ వీల్ వేస్తే డిఫరెన్షియల్ పాడవుతుంది.

వచ్చే పాఠం గేర్ల గురించి. తలుపు దగ్గర ఇంకో స్టిక్కరు మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది, నా దాని మీద ఎల్9 అని ఉంది. మీది రాసుకుని రండి.